కొబ్బరి బొండానికి గడ్డం పెట్టిన శుక్రవారం

మన బడి పూర్వవిద్యార్థుల సంచిక సంఘంవారు ఫోను చేసి, రెండు పేజీలు మించకుండా బడి జ్ఞాపకాలేవైనా రాసి పంపమని అడిగినప్పుడు, నేను జామచెట్టు కేసు గురించి రాస్తానేమోనన్న బెంగ వారి గొంతులో స్పష్టంగా వినిపించింది. ఆ కేసులో మొదటి ముద్దాయి ఈ సంచిక దాతల పట్టికలోనూ మొదటి స్థానంలోనే ఉన్నాడు కనుక ఆ జోలికి పోవడం లేదు. మన తరగతిలో మేజర్ అని పిలుచుకునేవాడి సైకిలు గురించి, చిన్న హెచ్చెమ్ గారి కళ్ళజోడు గురించి రాయడానికి నాకంటె అర్హులు చాలామంది ఉన్నారు. నేను డ్రాయింగు మాస్టారి గురించి, అందులోనూ ఆయన మనకు మనిషి తల వేయడం నేర్పిన తొమ్మిదో తరగతి శీతాకాలం గురించి మాత్రమే రాస్తాను. ఆరు, ఏడు తరగతులంటే నాకు గోదావరి వరద సెలవులు. పదో తరగతి అంటే ప్రైవేట్లు, నిద్రమత్తు. ఎనిమిదో తరగతి కూడా చదివానని రికార్డు షీటు చెబుతోంది.

అంతవరకు మనం చెంబు, గ్లాసు, మామిడికాయ వేసేవాళ్ళం. డ్రాయింగు లోయర్ గ్రేడు పరీక్షకు కట్టినవాళ్ళు దానికి తోడు పువ్వులూ తీగలూ వేసేవారు. మనిషి ముఖం వేయమంటే అందరమూ ఒకే దారిన పోయేవాళ్ళం: ముందు రెండు కళ్ళు, వాటికి రెప్పలు, రెప్పలకు వెంట్రుకలు, ఆ తరువాత చోటు మిగిలితే ముక్కు, నోరు. కళ్ళు నడినెత్తికి దగ్గరగా ఉండేవి, నుదురు ఉండేది కాదు. మనం కుంకుడుకాయ అని పిలిచేవాడు వేసిన గాంధీగారి బొమ్మను మాస్టారు చేతిలోకి తీసుకుని, "ఒరేయ్, ఈయనకు మెదడు ఎక్కడ పెట్టుకోమంటావురా?" అని అడగడం మీ అందరికీ గుర్తుండే ఉంటుంది.

మరుసటి శుక్రవారం ఆయన సంచిలో ఒక కొబ్బరి బొండాం, చిన్న కత్తి, గుప్పెడు ఈనెపుల్లలు పట్టుకొచ్చారు. గుండ్రంగా ఉన్న ఆ బొండాన్ని బల్లమీద పెట్టి, కుడివైపున ఒక చెక్క, ఎడమవైపున ఒక చెక్క, నీళ్ళు కారేటంత లోతుకు పోకుండా నిలువుగా చెక్కేశారు. తల బంతి కాదని, కణతల దగ్గర రెండు పక్కలా చదునుగా ఉంటుందని చెప్పడానికి ఆయన చేసిన ఏర్పాటు అది. చెక్కినచోట తెల్లటి పీచుమీద గుండ్రటి అంచు ఏర్పడింది. ఆ వలయం మధ్యనుంచి బొగ్గుతో ఒక అడ్డగీత తీసి, దాన్ని ముందువైపుకు చుట్టూ తిప్పి, ఇది కనుబొమల గీత అన్నారు. వలయం పై అంచు దగ్గర తీసిన గీత జుట్టు మొదలయ్యే చోటు, కింది అంచు దగ్గర తీసినది ముక్కు అడుగు. ఆ రెండు గీతల మధ్య దూరంలో సగాన్ని ఈనెపుల్లతో కొలిచి, అంతే పొడవు ముక్కు అడుగునుంచి కిందికి వదిలి, అక్కడ గడ్డం వచ్చేలా కొబ్బరిమట్ట ముక్కను దవడ ఆకారంలో చెక్కి, ఈనెపుల్లలతో బొండానికి గుచ్చారు. జుట్టునుంచి బొమలకు, బొమలనుంచి ముక్కు అడుగుకు, అక్కడినుంచి గడ్డానికి మూడు సమభాగాలు. చెవి ఆ వలయంలో వెనుకవైపు కింది పావు భాగంలో, బొమల గీతకూ ముక్కు గీతకూ నడుమ కూర్చుంటుంది. ముక్కు అడుగునుంచి గడ్డం వరకు ఉన్న దూరంలో మూడోవంతు దిగితే పెదవులు కలిసే గీత.

ఆయన కళ్ళు పెట్టలేదు. పెట్టమని మనం గోల చేస్తే, "కన్ను కనపడేదిరా, కపాలం ఉండేది. ముందు ఉండేది వెయ్యండి" అన్నారు. తరువాత ఆ బొండాం తలను పైకెత్తి, కిందికి వంచి, పక్కకు తిప్పి చూపించారు. వంచినప్పుడు బొమల గీత కిందికి వంపు తిరిగింది, చెవి ముక్కుకంటె పైకి పోయింది. ఎత్తినప్పుడు గీత ఇంద్రధనుస్సులా పైకి వంగి, గడ్డం అడుగుభాగం కనపడింది. ఎదురుగా చూస్తే తిన్నగా ఉన్న గీతే తల కదిలేసరికి వంకర అవుతుందని నల్లబల్లమీద ఎన్ని వలయాలు గీసి చెప్పినా నాకు తలకెక్కి ఉండేది కాదు. పీరియడు ముగిశాక ఆ తలలోని నీళ్ళు ఎవరు తాగారన్న వివాదం ఇప్పటికీ తేలలేదు, ఈ సంచికలోనూ తేలదనుకుంటాను.

ఆ మూడు భాగాల కొలత పరాయిది కాదని కూడా ఆయనే చెప్పారు. మన శిల్పులకు ముఖం పొడవు ఒక తాళం, అంటే 12 అంగుళాలు. ఈ అంగుళం ఇంచి కాదు, విగ్రహం ఎత్తునుబట్టి మారే వేలి కొలత. నుదురు 4, ముక్కు 4, ముక్కు కిందినుంచి గడ్డం దాకా 4. వరాహమిహిరుడు బృహత్సంహితలో ఈ కొలతలే చెప్పి, నగ్నజిత్తు అనే పాత శాస్త్రకారుడి అభిప్రాయం ప్రకారం ముఖం పొడవు 14 అంగుళాలని, అది ద్రావిడ మానమని కూడా రాశాడు. ఈ మాట విన్న మేజర్ తన ముఖం ద్రావిడ మానమని ఏడాదంతా చెప్పుకుని తిరిగాడు.

ఆ తరువాత బెంచీలో పక్కవాడి ముఖాన్ని పెన్సిలుతో కొలవమన్నారు. చేయి పూర్తిగా చాపి, ఒక కన్ను మూసి, పెన్సిలు కొసను పక్కవాడి నడినెత్తికి ఆనించినట్టు పట్టి, బొటనవేలిని కంటిదాకా జరపాలి. నడినెత్తినుంచి కంటికి ఎంతో, కంటినుంచి గడ్డానికి అంతే రావాలి. తల వెడల్పులో అయిదు కళ్ళు పట్టాలి, రెండు కళ్ళ మధ్య ఇంకొక కన్ను పట్టాలి. కళ్ళు సగానికి రావడం చూసి తరగతి అంతా నివ్వెరపోయింది, ఎందుకంటే అంతవరకు అవి నెత్తిన ఉన్నాయనే మన నమ్మకం. అయితే మూడు భాగాలు మాత్రం చాలామందికి సరిపోలేదు. కింది భాగం పొట్టిగా వస్తోందని, మాస్టారి లెక్క తప్పని, స్టేషన్ మాస్టారి అబ్బాయి లేచి నిలబడి చెప్పాడు. డ్రాయింగు మాస్టారు కోప్పడలేదు. "లెక్క తప్పు కాదురా, మీ ముఖాలే ఇంకా పూర్తి కాలేదు. దవడ అన్నిటికంటె ఆలస్యంగా పెరుగుతుంది. ఇంటికి పోయి మీ నాన్నగారిని కొలవండి" అన్నారు. ఎంతమంది కొలిచారో, అందులో ఎంతమంది దెబ్బలు తిన్నారో మీకే తెలియాలి.

నేను చిత్రకారుణ్ణి కాలేదు. దంతవైద్యం చదివి, ఆ పైన దవడ, ముఖ శస్త్రచికిత్సలో పైచదువు పూర్తిచేసి, విశాఖపట్నంలో స్థిరపడ్డాను. దవడ మరీ ముందుకు వచ్చినవారికి, మరీ వెనక్కి పోయినవారికి ఎముకను కోసి, జరిపి, చిన్న టైటానియం పలకలతో బిగించడం నా పని. శస్త్రచికిత్సకు ముందు తలకు పక్కనుంచి ఎక్స్‌రే తీసి, దానిమీద పలుచని కాగితం పరచి, సన్నటి పెన్సిలుతో ఎముక అంచులన్నీ గీస్తాము. ఈ రకం ఎక్స్‌రే 1931 నుంచి వాడుకలో ఉంది. చెవి రంధ్రం పై అంచునుంచి కంటిగుంట కింది అంచుకు ఒక గీత తీసి, తల తిన్నగా ఉన్నదీ లేనిదీ చూసుకుంటాము. దానికి ఫ్రాంక్‌ఫర్ట్ గీత అని పేరు. ముఖాన్ని నిలువునా మూడు భాగాలుగా, అడ్డంగా అయిదు కళ్ళుగా కూడా కొలుస్తాము. కాలేజీలో ఈ పాఠం మొదటిసారి చెప్పిన రోజున మా ప్రొఫెసరుగారు తెరమీద చూపించిన ముఖంలో నాకు కొబ్బరి పీచు కనపడింది. నా తోటివారు దూరాలు, కోణాలు బట్టీ పడుతుంటే నేను గీతలు చూసి చెప్పగలిగేవాణ్ణి. నిజమైన ముఖాలు ఈ మూడింటికి, అయిదింటికి కచ్చితంగా సరిపోవడం అరుదు, ఎంత అందమైన ముఖమైనా సరే. ఆ లెక్క చూసి కోతకు దిగరాదని ఇప్పుడు నా దగ్గర చదువుకునే పిల్లలకు చెబుతూ ఉంటాను.

కొన్నేళ్ళ కిందట మాస్టారు మనుమరాలి పంటినొప్పికి నా దగ్గరకు వచ్చారు. లైటు పెట్టెమీద ఉన్న ఒక కుర్రవాడి తల గీతను చూసి, అడగకుండానే పెన్సిలు తీసుకుని, గాలిలోనే మూడు భాగాలు కొలిచారు.

"కింది భాగం ఎక్కువైంది. వయసెంతరా?"

"పదహారండీ మాస్టారూ."

"అయితే ఇంకా పెరుగుతాడు కదా, ఇప్పుడే కోస్తావా?"

కోయడం లేదని, ఎదుగుదల ఆగిందని రూఢి అయ్యాకే చేస్తామని, ఆ మాట వాళ్ళ నాన్నగారికి చెప్పి ఒప్పించడానికి గంట పట్టిందని చెప్పాను. తల ఊపి, నా పెన్సిలు మొన బాగా లేదని బ్లేడు అడిగి, ముల్లు బయటికి వచ్చేలా స్వయంగా చెక్కి ఇచ్చారు. ఫీజు తీసుకోలేదని మాత్రం ఇప్పటికీ తిడుతున్నారు.

ఆ కుర్రవాడికి పంతొమ్మిదో ఏట ఆపరేషను చేశాము. వాళ్ళ ఇంటివారి అనుమతితో ముందు ఫొటో, తరువాతి ఫొటో మాస్టారికి పంపించాను. దవడ బాగా కుదిరిందని, చెవులు మాత్రం గీతకు కొంచెం పైకి ఉన్నాయని జవాబు వచ్చింది. చెవుల జోలికి మేము పోలేదని ఎంత చెప్పినా ఆయన నమ్మడం లేదు.