గ్లాస్టర్ రేవులో పేతురు గారి పండుగ

పండుగకు ముందు తొమ్మిది రోజులపాటు గ్లాస్టర్ పట్టణంలోని సిసిలీ కుటుంబాల స్త్రీలు ఒకచోట చేరి నొవేనా ప్రార్థనలు చేస్తారు. రెండేళ్ళ క్రితం ఒక సాయంత్రం నేను వెళ్ళి వెనుక వరుసలో కూర్చున్నాను. ముందు వరుసలో ఉన్న ఒక పెద్దావిడ పుస్తకం వంక చూడకుండానే, వేళ్ళ మధ్య జపమాల పూసలు జరుపుకుంటూ పాట ఎత్తుకునేవారు, మిగిలినవారు అందుకునేవారు. పాటకూ పాటకూ నడుమ ఎవరో ఒకరు "ఏమిటి, మనమంతా మూగవాళ్ళమా?" అని సిసిలీ మాటలో గట్టిగా అడిగితే, అక్కడున్నవారందరూ ఒక్క గొంతుతో "వివా సాన్ పియెత్రో!" అని జేకొట్టేవారు. పునీత పేతురు గారికి జయం అని దాని అర్థం. భాష తెలియని నేను కూడా మూడోసారికి గొంతు కలిపాను.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, బాస్టన్‌కు ఉత్తరాన సుమారు గంట రైలు ప్రయాణం దూరంలో ఉంటుంది గ్లాస్టర్. 1623 నుంచి చేపల వేట మీదే బతికిన ఊరు అది. ఇటలీకి చెందిన సిసిలీ దీవిలోని టెరాసీని, ట్రాపెటో వంటి జాలరి ఊళ్ళనుంచి వలస వచ్చినవారు ఇక్కడి రేవు పక్కనే, ఫోర్ట్ అనే పేటలో స్థిరపడ్డారు. సాల్వతోరే ఫవాత్సా అనే పడవ కెప్టెన్ పేతురు గారి నిలువెత్తు విగ్రహం చేయించడంతో 1927లో ఈ పండుగ మొదలైంది. క్రీస్తు శిష్యుడు కాకమునుపు పేతురు గారు గలిలయ సరస్సులో వలలు వేసిన జాలరి కనుక, వీరు ఆయనను తమ కులవృత్తి ఎరిగిన పెద్దగా, కష్టం చెప్పుకోదగిన సొంత మనిషిగా భావిస్తారు. ఆయన పండుగ దినం జూన్ 29. దానికి దగ్గరగా వచ్చే ఆదివారంతో ముగిసేలా ఐదు రోజుల ఉత్సవం జరుగుతుంది.

చాలామంది ఈ ఊరికి జిడ్డు దూలం ఆట చూడడానికి వస్తారు. మొదటిసారి నేనూ అందుకే వచ్చాను. సముద్రంలో, ఒడ్డుకు కొంత దూరాన, ఒక చెక్క వేదిక నుంచి దాదాపు 45 అడుగుల పొడవున్న దూలం నీటి మీదుగా అడ్డంగా సాగి ఉంటుంది. దానికి మందంగా జిడ్డు పూస్తారు. చివరన ఒక చిన్న జెండా ఉంటుంది. దూలం మీద నడిచి వెళ్ళి ఆ జెండాను పట్టుకున్నవాడిదే గెలుపు. మొదటి విడతలో ఎవరూ జెండా ముట్టుకోరు, అందరికీ ఒకసారి నడిచే అవకాశం దక్కాలనే మర్యాద అది. ఆ తరువాత అసలు పోటీ. ఒకడు రెండడుగులు వేసేసరికే పక్కటెముకలు దూలానికి తగిలి నీళ్ళలో పడతాడు, మరొకడు చేతులు చాచి జారుకుంటూ జెండాకు జానెడు దూరం వరకు వెళ్ళి పడిపోతాడు. ఒకరి తరువాత ఒకరు నడిచే కొద్దీ జిడ్డు పలచబడుతుంది, ఒడ్డున ఉన్నవారి ఊపిరి బిగుసుకుంటుంది. చివరకు జెండా అందుకున్న యువకుడు దానితో సహా నీటిలోకి దూకగానే చుట్టూ నిలిచిన పడవలన్నీ ఒక్కసారిగా హారన్లు మోగించాయి. ఒడ్డుకు ఈదుకొచ్చిన అతనిని భుజాల మీదికెత్తుకుని వీధులలో తిప్పారు.

అదే తీరంలో పడవ పందేలు కూడా జరుగుతాయి. మన తీరంలో రింగు వలలు అని పిలిచే రకం వలలను ఒకప్పుడు ఇక్కడ పొడవాటి తెడ్ల పడవలలోనుంచి కానాగంతల జాతి చేపల గుంపు చుట్టూ తిప్పి వేసేవారు. ఇప్పుడు ఆ పని యంత్రాలు చేస్తున్నా, నీన్యా, పింటా, సాంటా మరియా అనే అటువంటి మూడు పడవలను పందేల కోసం నిలుపుకున్నారు. పదిమంది తెడ్లు వేస్తుండగా చుక్కాని పట్టినవాడు లెక్క పెడుతూ అరుస్తాడు. పాత పనిముట్టును ఆట రూపంలో బతికించుకోవడం నాకెంతో నచ్చింది.

అయితే ఈ సందడి దేనిమీద నిలిచి ఉందో తెలియాలంటే రేవు వెంబడి ఉన్న జాలరుల స్మారకం దగ్గరకు వెళ్ళాలి. చుక్కాని చక్రం పట్టుకుని గాలికి ఎదురొడ్డి నిలిచిన ఆ కంచు మనిషిని 1925లో ప్రతిష్ఠించారు. సముద్రంలో పోయిన 5,300 మందికి పైగా జాలరుల పేర్లను అతని ముందు పలకల మీద ఏడాదివారీగా చెక్కారు. 1879 ఒక్క ఏడాదిలోనే 249 మంది పోయారు. ఆ పేర్ల మీద వేలు పెట్టి చదువుతుంటే ఒకే సంవత్సరం కింద ఒకే ఇంటిపేరు రెండుసార్లు కనిపించింది. తండ్రీకొడుకులో, అన్నదమ్ములో. నొవేనాలో ఆ స్త్రీలు అంత గట్టిగా ఎందుకు పాడతారో నాకు అక్కడ అర్థమైంది. ఈ పండుగలో మగవారి ఆట అందరికీ కనిపిస్తుంది, దాని వేరు మాత్రం ఒడ్డున ఎదురుచూసిన ఆడవారి ప్రార్థనలో ఉందని నా నమ్మకం.

ఆదివారం ఉదయం కూడలిలో కట్టిన ఎత్తైన బలిపీఠం ముందు దివ్యబలిపూజ జరిగింది. తరువాత పేతురు గారి విగ్రహాన్ని భుజాల మీద మోస్తూ ఊరేగింపు సాగింది. మోసేవారి చొక్కాలు చెమటకు తడిసి ముద్దయ్యాయి. విగ్రహం ఆగిన ప్రతిచోటా మళ్ళీ అదే ప్రశ్న, మళ్ళీ అదే జేకారం. మధ్యాహ్నం మతగురువు రేవుకు వచ్చి పడవలను ఆశీర్వదించారు.

నేను కాకినాడలో పెరిగాను. ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధం ముగిశాక, మా ఊరి జాలరులు పడవలకు పసుపు కుంకుమలు పెట్టి, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి సముద్రంలోకి దించుతారు. అదీ జూన్ నెలలోనే. మతాలు వేరు, సముద్రాలు వేరు. కానీ పవిత్ర జలం పడవ ముందుభాగం మీద పడినప్పుడు, మా రేవులో కొబ్బరి నీళ్ళు చిందిన చప్పుడు నాకు వినిపించింది.

ఇప్పుడు గ్లాస్టర్‌లో వేట పడవలు మునుపటిలా లేవు. కాడ్ చేప బాగా తగ్గిపోవడంతో 2013లో మెయిన్ సింధుశాఖలో దానిని పట్టే పరిమితిని 77 శాతం కోశారు. ఎన్నో కుటుంబాలు పడవలు అమ్ముకున్నాయి. నొవేనాలో పాట ఎత్తుకున్న ఆ పెద్దావిడను "వేటకు వెళ్ళేవారు తగ్గాక కూడా ఇంత శ్రద్ధగా చేస్తున్నారే" అని అడిగాను. "ఒక్కడు వెళ్ళినా వాడికోసం తొమ్మిది రోజులూ కూర్చోవాలి కదమ్మా" అన్నారామె.

ఆదివారం రాత్రి పొద్దుపోయాక విగ్రహాన్ని అది ఉండే జాలరుల క్లబ్బుకు తిరిగి మోసుకెళ్ళారు. నా రైలుకు వేళైనా వెంట నడిచాను. తలుపు దగ్గర ఒక పిల్లవాడు తండ్రి భుజాల మీదనుంచి వంగి, పేతురు గారి అంగీ అంచు తాకి, ఆ వేళ్ళను పెదవులకు ఆనించుకున్నాడు.