బాబాయి రక్తంలో ఇసుక

ఆర్యపల్లి నుంచి మా బాబాయి బరంపురం వచ్చాడంటే చేతిలో చేపల సంచి ఉండాల్సిందే. పోయిన నెల మాత్రం ఉత్త చేతులతో సరాసరి మా ల్యాబుకే వచ్చేశాడు. కుర్చీలో కూలబడి, చొక్కా చెయ్యి పైకి మడిచి, "అమ్మీ, నా రగతం తీసి సూడు. ఇసకలో రేడియేసన్ ఉందంటన్నారు కదా, నాకెంత ఎక్కిందో తేలిపోవాల" అన్నాడు. పక్కన షుగర్ టెస్టుకి వచ్చిన ఒడియా పెద్దాయనకి మిగతాది అర్థమైందో లేదో గాని "రేడియేసన్" మాత్రం అర్థమైనట్టుంది, కాస్త అటు జరిగి కూర్చున్నాడు.

బాబాయి భయం ఊరికే పుట్టలేదు. ఛత్రపురం తీరం ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్, జిర్కాన్‌లతో పాటు కాస్త మోనజైట్ అనే ఖనిజం కూడా ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ వాళ్ళు అక్కడ ఇసుక తవ్వి వేరు చేసేవి ఇవే. మోనజైట్‌లో రేడియేషన్ చిమ్మే థోరియం ఉంటుంది కాబట్టి ఆ తీరంలో సహజంగానే రేడియేషన్ మామూలు చోట్ల కంటే ఎక్కువ, మా తాతలు వలలు ఆరేసుకున్న రోజుల్లోనూ అంతే. ఇసుక నల్లగా ఉన్న చోటల్లా రేడియేషన్ ఉందనుకుంటారు మావాళ్ళు, ఆ నలుపు ఎక్కువగా ఇల్మనైట్‌ది. కేరళలో కరునాగపల్లి తీరం ఈ విషయంలో ఇంకా పేరున్నది, అక్కడ వేలమందిని ఏళ్ళ తరబడి గమనించి 2009లో ఇచ్చిన లెక్కల్లో ఆ రేడియేషన్ వల్ల క్యాన్సర్లు పెరిగినట్టు తేలలేదు. ఇదంతా బాబాయికి చెప్పాను. "అవన్నీ సరేగాని నువ్వు సూది తియ్యి" అన్నాడు.

మా రేటు కార్డులో రేడియేషన్ టెస్టు అంటూ ఏదీ లేదు. అయినా ఆయన వదలడు కదా, అందుకని రక్తకణాల లెక్క చెప్పే సీబీసీ, టోటల్ ప్రోటీన్, ఆల్బుమిన్, ఒంట్లో ఎక్కడైనా వాపు, మంట ఉంటే పెరిగే సీఆర్‌పీ రాసుకుని రక్తం తీశాను. ఊదారంగు మూత ట్యూబుని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి బయటికి తీస్తే అడుగున ఎర్రగా కణాలు, మధ్యలో గోటి అంచంత తెల్లటి పొర, పైన పసుపు కడిగిన నీళ్ళలా ప్లాస్మా. "ఇదేటి, రగతంలో సగం నీల్లేనా?" అన్నాడు. సగం కంటే కాస్త ఎక్కువే, 55 శాతం దాకా ఉంటుంది. ఆ పసుపు నీళ్ళలో డెసీలీటరుకి 6 నుంచి 8 గ్రాముల ప్రోటీన్లు కరిగి ఉంటాయి, వాటిలో సగానికి పైగా ఆల్బుమినే.

ఇప్పుడు అసలు సంగతి. రేడియేషన్ ఈ ప్రోటీన్లని ఏం చేస్తుంది? చాలామంది అనుకునేది, మా కాలేజీలో నేనూ అనుకున్నది ఏమిటంటే, కోడిగుడ్డు ఉడికినట్టు రక్తంలో ప్రోటీన్లు ఉడికిపోతాయని. చికిత్స లేకపోతే సగం మందిని చంపే డోసు సుమారు 4 గ్రే (ఒంట్లో దిగిన రేడియేషన్‌కి కొలత గ్రే), ఒళ్ళంతా ఒక్కసారే పడితే. ఆ 4 గ్రేలు ఒంటిని ఎంత వేడి చేస్తాయంటే డిగ్రీలో వెయ్యో వంతు! ఒక గుటక టీ తాగినా అంతకంటే ఎక్కువ వేడెక్కుతాం. కాబట్టి ఉడకడం సంగతి మర్చిపోవచ్చు.

జరిగేది వేరు. రేడియేషన్ పడినప్పుడు ఎక్కువగా విరిగేది నీళ్ళే, ఎందుకంటే ఒంట్లో ఎక్కువ ఉన్నవి అవే కదా. నీటి అణువు విరిగి హైడ్రాక్సిల్ రాడికల్ అనే ముక్క పుడుతుంది. దాని ఆయుష్షు సెకనులో వంద కోట్లో వంతు అటూ ఇటూ, ఆ లోపు పక్కన ఏది దొరికితే దాన్ని పట్టేసుకుంటుంది. ప్లాస్మాలో అలా దొరికేది చాలావరకు ఆల్బుమిన్. దానికి 34వ స్థానంలో సిస్టీన్ అనే, సల్ఫర్ ఉన్న అమైనో ఆమ్లం ఒకటి ఉంది, ఆ సల్ఫర్ ఖాళీగా ఉంటుంది కాబట్టి ముందు దెబ్బ అదే కాస్తుంది. టెస్టు ట్యూబులో ప్రోటీన్ ద్రావణం మీద వందలు, వేల గ్రేలు కుమ్మరిస్తే ముక్కలవడం, ఒకదానికొకటి అతుక్కుపోవడం అన్నీ కనిపిస్తాయి. మరి మనిషికి ప్రాణం మీదికొచ్చే డోసులో?

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. 1 గ్రే పడితే లీటరు నీళ్ళలో పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్స్ సుమారు 0.28 మైక్రోమోల్ (అణువులని లెక్కపెట్టే కొలత ఇది). లీటరు ప్లాస్మాలో ఆల్బుమిన్ 40 గ్రాములు, అంటే 600 మైక్రోమోల్. పుట్టిన ప్రతి రాడికలూ గురి తప్పకుండా ఒక్కో ఆల్బుమిన్‌నే కొట్టిందనుకున్నా రెండు వేలకి ఒకటి దెబ్బతింటుంది. 4 గ్రేలకి అయిదు వందలకి ఒకటి. ఒకే శాంపిల్‌ని మా మెషిన్‌లో రెండుసార్లు పెడితే వచ్చే తేడా ఇంతకంటే ఎక్కువ! పైగా లివర్ రోజుకి పది గ్రాములకి పైనే కొత్త ఆల్బుమిన్ తయారుచేసి పంపిస్తూ ఉంటుంది. డీఎన్ఏకి ఆ వెసులుబాటు లేదు. కణంలో ఉండేది ఒకటీ రెండు ప్రతులు, అవి తెగితే ఎముక మూలుగలో విభజన చెందుతున్న కణాలు కుప్పకూలతాయి. మనిషి పోయేది అక్కడ.

నమ్మకం కుదరకపోతే బ్లడ్ బ్యాంకుకి వెళ్ళి చూడండి. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళకి ఎక్కించే రక్తం సంచికి కావాలనే 25 గ్రే రేడియేషన్ ఇస్తారు, దాతవి లింఫోసైట్లు (తెల్లకణాల్లో ఒక రకం) వెళ్ళి రోగి ఒంటి మీద తిరగబడకుండా. మనిషికి చావు డోసుకి ఆరింతలు అది. లింఫోసైట్లు విభజన చెందడం మానేస్తాయి, ఎర్రకణాల నుంచి పొటాషియం కొంచెం కారుతుంది, ప్రోటీన్లు మాత్రం ఎప్పటి పని అప్పటిలాగే చేస్తాయి.

అలాగని రేడియేషన్ తగిలినవాళ్ళ ప్లాస్మాలో ప్రోటీన్లు మారవని కాదు, బాగానే మారతాయి. ఆ మార్పు ఒళ్ళు చేసుకునేది. కణజాలం దెబ్బతిన్న కబురు అందగానే లివర్ సీఆర్‌పీ, సీరమ్ అమిలాయిడ్ ఏ, ఫైబ్రినోజెన్ ఎక్కువ పంపిస్తుంది, ఆల్బుమిన్ తగ్గించేస్తుంది. మూలుగ ఖాళీ అవుతుంటే ఎఫ్ఎల్‌టీ3 లిగాండ్ అనే ప్రోటీన్ పెరుగుతుంది. తల, మెడ మీద రేడియేషన్ పడితే లాలాజల గ్రంథులు వాచి ఒకటి రెండు రోజుల్లో రక్తంలో అమైలేజ్ అనే ఎంజైము పెరుగుతుంది, గవదబిళ్ళల్లో పెరిగినట్టే. హిరోషిమా, నాగసాకిలో బతికి బయటపడ్డవాళ్ళలో అయితే యాభై ఏళ్ళ తర్వాత కూడా, ఎక్కువ డోసు తగిలినవాళ్ళలో సీఆర్‌పీ, వాపు కబురు మోసే ఐఎల్-6 అనే ప్రోటీన్ కాస్త ఎక్కువగానే ఉన్నాయి. నాకు ఈ మొత్తంలో ఒళ్ళు జలదరించే సంగతి ఇదే. ఆరోజు దెబ్బతిన్న ప్రోటీన్లు ఎప్పుడో పోయాయి, వాపు మాత్రం మిగిలింది.

మా పెద్దత్తకి గొంతుకి 35 సిట్టింగులు రేడియేషన్ ఇచ్చినప్పుడు ఆల్బుమిన్ 2.9కి పడిపోయింది. "కరెంటు పెట్టి ఉన్న బలమంతా కాల్చేశారు" అని ఇంట్లో ఏడుపులు. నోరు పూసిపోయి గంజి కూడా మింగలేకపోతోంది, ఒంట్లో వాపు, ఇంక ఆల్బుమిన్ ఎలా నిలుస్తుంది? దాని మీద నేను చేసిన ఘనకార్యం ఇంకొకటి. మరుసటి వారం సెలైన్ ఎక్కుతున్న చేతికే, సూదికి జానెడు పైన, రక్తం లాగాను. నీళ్ళు కలిసి 1.8 వచ్చింది. రిపోర్టు చూసి మామయ్య మొహం పాలిపోయింది. సోడియం, పొటాషియం కూడా తేడాగా ఉండటం చూసి అనుమానమొచ్చి రెండో చేతికి తీస్తే 2.8. ఇప్పటికీ మామయ్య నన్ను చూస్తే "ఏ చెయ్యమ్మా?" అంటాడు.

బాబాయి రిపోర్టుకి వస్తే టోటల్ ప్రోటీన్ 7.4, ఆల్బుమిన్ 4.1, లింఫోసైట్లు శుభ్రంగా ఉన్నాయి. సీఆర్‌పీ మాత్రం 22. మా దగ్గర 6 దాటకూడదు. నేను నోరు తెరిచేలోపే "సూసినావా, నే సెప్పలేదా" అని లేచి నిలబడ్డాడు. లేచినప్పుడు ఎడమ మడమ నేలకి ఆనించకపోవడం చూశాను. చెప్పు విప్పమంటే విప్పడే. ఆఖరికి విప్పితే మడమ పక్కన జెల్ల చేప ముల్లు గుచ్చుకున్న చోటు ఎర్రగా ఉబ్బి, మధ్యలో చీము. వారం రోజులుగా పసుపు అద్దుకుంటూ తిరుగుతున్నాడట. సీఆర్‌పీకి ముల్లూ తెలియదు, ఇసుకా తెలియదు, ఎక్కడో మంట ఉందని మాత్రమే చెబుతుంది. నిజంగా ఎవరికైనా పెద్ద డోసు తగిలిందన్న అనుమానం ఉంటే చూసేది లింఫోసైట్లు రెండు రోజుల్లో ఎంత వేగంగా పడిపోతున్నాయో, ఆ తర్వాత ప్రత్యేక ల్యాబుల్లో క్రోమోజోములు తెగి తప్పుగా అతుక్కున్నాయేమో. మా ల్యాబులో అయ్యే పని కాదు.

డాక్టరు చీము తీసి, టీటీ ఇంజక్షన్ ఇచ్చి, ఏడు రోజులకి యాంటీబయాటిక్ రాశాడు. పదో రోజున ఈసారి మళ్ళీ చేపల సంచితో వచ్చాడు. సీఆర్‌పీ 4. కాగితం వెలుతురుకి పట్టి రెండుసార్లు చూసుకుని, "అయితే ఇసక దిగిపోయినట్టేనా అమ్మీ?" అన్నాడు.