మంచం దిగే ముందు

పదకొండున్నర దాటింది. అందరూ పడుకున్నారు. మా ఆయన సాయంత్రం అన్న ఒక్క మాట నన్ను పడుకోనివ్వడం లేదు.

వాన వల్ల ఎక్కడికీ వెళ్లలేదు. బుడ్డోడు టీవీలో '2012' పెట్టాడు, ప్రపంచమంతా మునిగిపోయే ఆ హాలీవుడ్ సినిమా. 2009లో వచ్చినప్పుడు, పెళ్లైన కొత్తలో, చెన్నై మౌంట్ రోడ్డులో చూశాం. లాస్ ఏంజెలిస్ మొత్తం కూలిపోతుంటే మధ్యలోంచి కారు దూసుకుపోవడం, రన్‌వే విరిగిపోతుండగా విమానం లేవడం... అప్పుడు కళ్లార్పకుండా చూశాను. ఇవాళ బుడ్డోడూ అలాగే చూశాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

ప్రమాదాన్ని ముందుగా కనిపెట్టేది మన దేశపు శాస్త్రవేత్త, సత్నామ్. అతని మాట పట్టుకునే ప్రభుత్వాలన్నీ కదులుతాయి, పెద్ద పెద్ద ఓడలు కడతాయి. చివరికి అతన్ని తీసుకెళ్తామన్న విమానం రానే రాదు. పక్కన భార్యాబిడ్డలు, ఎదురుగా కొండంత అల. స్నేహితుడికి ఒక ఫోన్ చేస్తాడు. అంతే, అయిపోయింది. ఆ తర్వాత ఒక బొచ్చుకుక్క తాడు మీద నడిచి ఓడలోకి చేరుతుందా లేదా అని మనందరం ఊపిరి బిగబట్టి చూడాలట! ఆ కుక్క బతికినందుకు నాకు బాధ లేదు. కానీ ఆ మనిషి కోసం ఇంకో రెండు నిమిషాలు ఆగలేకపోయారా?

ఇదే మాట పైకి అన్నాను. "ఇలాంటి సినిమాలకు కథెందుకే, గ్రాఫిక్స్ చూడాలి గానీ" అన్నాడు మా ఆయన. వేరే ఎవరన్నా అంటే ఊరుకునేదాన్ని. 2015 డిసెంబరు 1న, చెన్నై వరదల రాత్రి, నా పక్కనే ఉన్న మనిషి అన్నాడు ఆ మాట.

అప్పుడు జాఫర్‌ఖాన్‌పేటలో కింది వాటా మాది. బుడ్డోడికి పదకొండు నెలలు. పగలంతా కుండపోత. చెంబరంబాకం చెరువు నుంచి 29,000 క్యూసెక్కులు వదిలారని తర్వాత పేపర్లలో చదివాం గానీ, ఆ రాత్రి మాకేం తెలుసు? కరెంటు లేదు, ఫోన్లు లేవు. వాడు పాలకు ఏడిస్తే మంచం దిగాను. పాదం నీళ్లలో పడింది. చల్లగా, చీలమండ దాకా. అల లేదు, హోరు లేదు. వంటింట్లో ఖాళీ బిందె తేలి తలుపుకు కొట్టుకుంటున్న చప్పుడొక్కటే.

మేడ మీద ఉండే తమిళ బామ్మ, మేం పాట్టి అంటాం, అప్పటికే తలుపు తీసి కొవ్వొత్తి పట్టుకుని నిలబడింది. "ఉళ్ళే వాంగో, కొళందయై కుడు" (లోపలికి రండి, బిడ్డనివ్వు) అని బుడ్డోణ్ణి అందుకుంది. అత్తయ్య కుంకుమ భరిణె కోసం వెనక్కి వెళ్తానంటే మా ఆయన మొదటిసారి ఆవిడ మీద అరిచాడు. ఆ చిన్న హాల్లో పద్నాలుగు మందిమి తెల్లార్లూ కూర్చున్నాం. పొద్దున్న పాట్టి ఉన్న పెరుగన్నం అందరికీ తలో ముద్ద పెట్టింది. మామయ్య మెట్ల మీద నిలబడి, నడుములోతు నీళ్లు చూస్తూ, పేపరబ్బాయి కోసం కాచుకున్నారు. 1878లో మొదలైన ఆ ఇంగ్లీషు పేపరు, 'ద హిందూ', ఆ రోజు చెన్నైలో అచ్చే కాలేదని చాలా రోజులకు తెలిసింది. మూడో రోజు జాలర్లు పడవ తెచ్చి మమ్మల్ని దింపారు. వాళ్ల పేర్లు కూడా అడగలేదు. అది ఇప్పటికీ బాధే.

ఇంతా రాశాక ఒక అనుమానం. ఆ రాత్రికి మాత్రం కథేముంది? నీళ్లొచ్చాయి, పైకెక్కాం, కూర్చున్నాం. హీరో లేడు, ఎవరూ ఎవరికోసం దూకలేదు. అంటే నేను కథ లేదని గోల పెట్టడం తప్పేనేమో. నాకు కావలసింది కథ కాదు, మనుషుల దగ్గర కాసేపు ఆగడం. కేరళ వరదల మీద వచ్చిన '2018' సినిమా ఆ పని చేసింది. సగం దాకా వాళ్ల ఇళ్లు, పెళ్లిచూపులు, చేపల పడవలు చూపించి, తర్వాతే నీళ్లు తెచ్చింది. జాలర్లు పడవలు లారీలకు ఎక్కిస్తుంటే నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

అయినా, నిజం చెప్పాలి. ఇవాళ సత్నామ్ ఫోన్ దగ్గర కూడా నా కళ్లు తడిశాయి. ఆ ఒక్క నిమిషం అంత బాగా తీయగలిగినవాళ్లు, దాన్ని వదిలేసి మళ్లీ మేడలు కూల్చడానికి ఎందుకు పరిగెత్తారో! చేతకాక అయితే నాకింత కోపం రాకపోను.

మా ఆయన మీద కోపం కూడా తగ్గుతోంది. సినిమా అంతా బుడ్డోడి భుజం మీద చెయ్యి వేసుకునే కూర్చున్నాడు. నీళ్లు వచ్చినప్పుడల్లా చూపు కిటికీ వైపు తిరిగింది. బహుశా ఆయనకు అవి గ్రాఫిక్స్ అయితేనే బాగుంటుందేమో. రేపు అడగాలి. అడగనేమో.

వాన ఇంకా పడుతోంది. రెండో అంతస్తుకు మారి ఇన్నేళ్లయినా, ఇలాంటి రాత్రుళ్లు మంచం దిగే ముందు బొటనవేలితో నేల తడిమి చూసుకుంటాను. ఇందాక లేచినప్పుడూ చూశాను. పొడిగానే ఉంది.