బేస్‌మెంట్‌లో మిరప నారు: ఆకు ముడతకు కారణం వెతికిన నా అనుభవం

మిన్నెసోటాలో మిరప పండించాలంటే నారు ఇంట్లోనే పోసుకోవాలి. మేముండే మినియాపొలిస్ చుట్టుపక్కల మే నెల సగం దాటేదాకా రాత్రిళ్లు మంచు పట్టే భయం పోదు. అక్టోబరు మొదట్లో మళ్లీ ఆ భయం తయారు. మిరప, వంకాయ నాటాక కాపుకు రావడానికే రెండు నెలలకు పైన పడుతుంది. అందుకని మార్చిలో, పెరట్లో ఇంకా మంచు కుప్పలు ఉండగానే, బేస్‌మెంట్‌లో గ్రో లైట్ (మొక్కల కోసం చేసిన దీపం) కింద విత్తనం వేసుకుంటాం. విత్తనాలు మాత్రం ఇక్కడే కొనుక్కోండి. ఊరి నుంచి సూట్‌కేసులో తెచ్చుకోవాలని అందరికీ ఉంటుంది. కానీ నాటే విత్తనాలను ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (పురుగూ తెగులూ లేవని పంపే దేశపు ప్రభుత్వం ఇచ్చే పత్రం) గానీ ముందుగా తీసుకున్న పర్మిట్ గానీ లేకుండా అమెరికాలోకి రానివ్వరు. టమాటా, మిరప విత్తనాల మీద వైరస్ భయంతో నిబంధనలు ఇంకా గట్టిగా ఉన్నాయి.

మొలక దాకా ఏ ఇబ్బందీ రాలేదు. ట్రే కింద హీట్ మ్యాట్ పెట్టి మట్టి 27, 28 డిగ్రీల వేడిలో ఉండేలా చూస్తే మిరప గింజ వారం పది రోజుల్లో పైకి వస్తుంది. బీజదళాలు పచ్చగా విచ్చుకున్నాయి. అసలు ఆకులు రెండు జతలు వచ్చేసరికి కష్టాలు మొదలయ్యాయి. మిరప ఆకుల అంచులు పైకి లేచి దోనెల్లా ముడుచుకున్నాయి. కొన్ని మొక్కల్లో పై ఆకులు పాలిపోయాయి. ఇంకొన్నిటిలో అడుగు ఆకుల అంచులు గోధుమ రంగుకు మాడిపోయాయి. కింది అరలో పెట్టిన టమాటా నారు ఎదగడం ఆపేసి, ఆకుల అడుగున ఊదా రంగు తేలింది.

తెలిసినవాళ్లను అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మందు చెప్పారు. ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం లవణం) చల్లమని ఒకరు, నైట్రోజన్ తగ్గిందని ఒకరు, నీళ్లు చాలడం లేదని ఇంకొకరు. అన్నీ ఒకేసారి చేస్తే మొక్క కోలుకున్నా ఎందుకు కోలుకుందో తెలియదు, చచ్చినా ఎందుకు చచ్చిందో తెలియదు. అందుకే ఏదీ వెయ్యకుండా ముందు వీడియో కాల్‌లో మా నాన్నకు చూపించాను. ఆయన పల్నాడులో మిరప రైతు.

"అమ్మాయ్, ఆకు తిప్పి చూడు. పై ముడత అయితే తామర పురుగు, కింది ముడత అయితే నల్లి. నీది పై ముడత" అన్నారు.

2021లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ వైపు నల్ల తామర పురుగు మిరప పూతను ఎలా తినేసిందో కళ్లారా చూసిన మనిషి ఆయన. పైకి ముడుచుకున్న ఆకు కనబడగానే ఆ అనుమానం రావడం సహజం. అనుమానం వచ్చింది కాబట్టి తేల్చుకోవాల్సిందే. తెల్ల కాగితం కింద పెట్టి ఆకులను వేలితో తట్టాను. తామర పురుగులు ఉంటే సన్నటి గీతల్లా కాగితం మీద కదులుతాయి. అవి గీకి రసం పీల్చిన చోట ఆకు మీద వెండి రంగు చారలు ఉంటాయి. నల్లి మామూలు కంటికి ఆనదు, అందుకని భూతద్దంతో చిగుళ్ల దగ్గర, ఆకు అడుగున ఈనెల వెంబడి వెతికాను. పురుగు లేదు, చార లేదు. చిగురు మెలితిరగడం కూడా లేదు.

ఆ సంగతి చెప్పగానే నాన్న ఇంకో ప్రశ్న వేశారు. "మన నర్సరీల్లో ప్రోట్రేలు నీడకని షేడ్‌నెట్ కింద పెడతారు గదా, నీ దీపం ఎంత ఎండ?"

జవాబు నా దగ్గర లేదు. ఎల్‌ఈడీ పెట్టె మీద 1000 అని పెద్ద అంకె ఉంటుంది గానీ, ప్లగ్ దగ్గర మీటరు పెట్టి చూస్తే అది లాగే కరెంటు వంద వాట్ల చుట్టుపక్కలే. ఆ అంకెతో మొక్కకు పనిలేదు. ఆకు మీద సెకనుకు ఎంత వెలుతురు పడుతోంది, అది రోజుకు ఎన్ని గంటలు పడుతోంది, ఈ రెండే మొక్కకు లెక్క. చెయ్యి అడ్డం పెట్టి వేడి తగలడం లేదు కాబట్టి దూరం సరిపోయింది అనుకునే పద్ధతి పాత బల్బులకు పనికొచ్చేది. ఎల్‌ఈడీ కింద చేతికి వేడి తగలకపోయినా ఆకుకు వెలుతురు ఎక్కువై ఉండొచ్చు.

ముందు ఒక కాగితం మీద ట్రే గళ్లు గీసి, ఏ గడిలో మొక్కకు ఏ లక్షణం ఉందో రాసుకున్నాను. ఈ కష్టమంతటిలో నాకు ఎక్కువగా ఉపయోగపడింది ఆ కాగితమే. పాలిపోయి పైకి ముడిచిన మొక్కలన్నీ సరిగ్గా దీపం నడుమ కింద ఉన్నాయి. నాలుగు మూలల్లో ఉన్నవి పచ్చగా, ఆకులు పరుచుకుని ఉన్నాయి. పోషకం లోపమైతే ట్రే అంతా ఒకేలా ఉండాలి, ఎందుకంటే అన్నిటికీ ఒకటే మట్టి, ఒకటే నీళ్లు. నడుమ ఒకలా, అంచున ఒకలా ఉందంటే తేడా పైనుంచి వస్తున్నట్టు.

ఫోన్‌లో వెలుతురు కొలిచే లక్స్ మీటర్ యాప్ వేసి చూశాను. కచ్చితమైన పరికరం కాదు గానీ ఒక చోటుకూ ఇంకో చోటుకూ తేడా చెప్పడానికి చాలు. నడుమ నలభై వేల లక్స్, మూలల్లో పద్నాలుగు వేలు. తెల్ల ఎల్‌ఈడీకి లక్స్‌ను సుమారు 70తో భాగిస్తే మొక్క వాడుకునే వెలుతురు మైక్రోమోల్స్‌లో (చదరపు మీటరు మీద సెకనుకు పడేది) వస్తుంది. అంటే నడుమ 570, మూలల్లో 200. లేత నారుకు 200 నుంచి 300 మధ్య సరిపోతుంది. రోజుకు పదహారు గంటలు వెలిగిస్తే 200 దగ్గర రోజు మొత్తానికి పదకొండున్నర మోల్స్ (ఒక మోల్ అంటే పది లక్షల మైక్రోమోల్స్), 570 దగ్గర దాదాపు 33. నారుకు 10 నుంచి 15 చాలు. మూలల్లో ఉన్నవి ఎందుకు కళగా ఉన్నాయో అక్కడే అర్థమైంది.

దీపాన్ని రెండడుగుల ఎత్తుకు లేపి, డిమ్మర్ తగ్గించి, నడుమ పదిహేడు వేల లక్స్ వచ్చేలా సర్దాను. పదహారు గంటల వెలుగు, ఎనిమిది గంటల చీకటి అలాగే ఉంచాను. త్వరగా పెరగాలని కొందరు ఇరవై నాలుగు గంటలూ వెలిగిస్తారు, ఆ పని చెయ్యకండి. టమాటా, వంకాయ చీకటి లేకుండా ఉంచితే ఆకులు పసుపుబారి దెబ్బతింటాయి. దీపాన్ని మరీ పైకి లేపినా కాడలు సన్నగా సాగిపోతాయి, కాబట్టి కణుపుల మధ్య దూరం మీద కన్నేసి ఉంచాలి. పాలిపోయిన ఆకు తిరిగి పచ్చబడుతుందని ఎదురుచూడకూడదు. కొత్తగా వచ్చే ఆకును చూడాలి. నాలుగైదు రోజుల్లో వచ్చిన చిగుళ్లు సాఫుగా, పచ్చగా ఉన్నాయి.

దాంతో సగం సమస్యే తీరింది. అడుగు ఆకుల అంచులు మాడటం మాత్రం ఆగలేదు. నా కాగితంలో ఆ లక్షణానికి నడుమ, మూల అన్న తేడా లేదు, ట్రే అంతటా ఉంది. అంటే ఇది పైనుంచి వచ్చేది కాదు, వేళ్ల నుంచి వచ్చేది. మట్టి పైన తెల్లటి పొర కూడా కట్టింది.

ఇక నీళ్ల సంగతి. ఇక్కడి శివార్లలో చాలా ఊళ్లకు బోరు నీళ్లే. సున్నపురాతి పొరల్లోంచి వస్తాయి కాబట్టి కాల్షియం, మెగ్నీషియం దండిగా ఉండి గట్టి నీళ్లు అవుతాయి. అందుకే ఇంటింటా వాటర్ సాఫ్ట్‌నర్ ఉంటుంది, దాంట్లో నెలనెలా ఉప్పు బస్తా పోస్తాం. పెరటి కుళాయికి మామూలుగా సాఫ్ట్‌నర్ తగలని నీళ్లే వస్తాయి గానీ, పైపులు పగలకుండా చలికాలమంతా దాన్ని కట్టేసి ఉంచుతాం. కాబట్టి నారుకు అందేవి లోపలి నీళ్లే. సాఫ్ట్‌నర్ చేసేదేమిటంటే, నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియాన్ని పట్టుకుని వాటి బదులు సోడియం వదులుతుంది. మొక్కకు కావాల్సినవి పోయి, అక్కర్లేనిది వచ్చి చేరుతుంది. మిరప ఉప్పుకు ఓర్చుకునే మొక్క కాదు. చిన్న గడిలో పీట్ మట్టి (కుళ్లిన నాచుతో చేసిన నారు మట్టి) తడుస్తూ ఆరుతూ ఉంటే సోడియం పేరుకుపోతుంది. ముందు ముదురు ఆకుల అంచులు మాడతాయి.

నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు చూసి నమ్మేవాళ్లకు ఒక మాట చెప్పాలి. సాఫ్ట్‌నర్‌కు ముందూ తర్వాతా ఆ అంకె దాదాపు ఒకటే ఉంటుంది. కరిగిన లవణం ఎంత ఉందో అది చెబుతుంది గానీ ఏ లవణమో చెప్పదు. కాల్షియం పోయి సోడియం వచ్చిన సంగతి ఆ అంకెలో కనబడదు. చేతికి సబ్బు రాసుకుని కడిగినప్పుడు జారుడు వదలకపోతే అవి సాఫ్ట్‌నర్ నీళ్లని గుర్తు.

తేల్చుకోవడానికి ట్రేను రెండుగా విడదీశాను. ఒక సగానికి సింక్ కింద ఉన్న ఆర్‌ఓ నీళ్లు, ఇంకో సగానికి యథాప్రకారం కుళాయి నీళ్లు. మొక్కలను అలా వదిలెయ్యడానికి మనసు రాలేదు గానీ, పోల్చడానికి ఏదీ లేకపోతే ఎప్పటికీ ఊహగానే మిగిలిపోతుంది. ఆర్‌ఓ సగంలో ముందు ప్రతి గడిలోంచి అడుగున నీళ్లు బాగా కారేలా పోసి పేరుకున్న ఉప్పును కడిగేశాను. ఆర్‌ఓ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం కూడా ఉండవు కాబట్టి, ఆ రెండూ ఉన్న ఎరువును లేబుల్ మీద రాసిన మోతాదులో నాలుగో వంతు కలిపి పోస్తూ వచ్చాను. రెండు వారాలకు తేడా ఇంట్లో చిన్నపిల్లలు కూడా చెప్పగలిగేంత కనిపించింది. ఆర్‌ఓ సగంలో మాడు ఆగిపోయి మూడో జత, నాలుగో జత ఆకులు నిండుగా వచ్చాయి. రెండో సగం పొట్టిగానే ఉండిపోయింది.

టమాటా ఊదా రంగుది వేరే కథ. ఆ ట్రే కింద మ్యాట్ లేదు, సిమెంటు నేలకు దగ్గరగా ఉంది, మట్టిలో థర్మామీటరు గుచ్చితే 14 డిగ్రీలు. వేళ్లు చల్లబడితే మట్టిలో భాస్వరం ఉన్నా టమాటా తీసుకోలేదు. పై అరకు మార్చి మ్యాట్ పెడితే కొత్త ఆకులు మామూలు రంగులోనే వచ్చాయి, ఎరువు వెయ్యాల్సిన పని పడలేదు.

మధ్యలో మట్టి మీద చిన్న నల్ల ఈగలు కూడా వచ్చాయి. వాటి పిల్ల పురుగులు తడి మట్టిలో లేత వేళ్లను తింటాయి, నారు కుళ్లు తెగులుకూ దారి ఇస్తాయి. నాన్న చెప్పిన పసుపు జిగురు అట్టలే పెట్టాను. మట్టి పైపొర ఆరాక అడుగు నుంచి నీళ్లు పట్టడం, చిన్న ఫ్యాన్ తిప్పడంతో తగ్గాయి.

మే చివర్లో నారును బయటి గాలికి అలవాటు చెయ్యడం మొదలుపెట్టాం. ఈ పని వారం పది రోజులు ఓపిగ్గా చెయ్యాలి. ఇంట్లో 250 మైక్రోమోల్స్ చూసిన ఆకుకు మిట్టమధ్యాహ్నం ఎండ 2000 దాకా ఉంటుంది, పైగా మన దీపాల్లో దాదాపు లేని అతినీలలోహిత కిరణాలు ఉంటాయి. మొదట నీడలో గంట, తర్వాత పొద్దుటి ఎండలో గంట, అలా పెంచుకుంటూ పోయి, రాత్రి వేడి 10 డిగ్రీలకు తగ్గేటప్పుడు లోపలికి తెచ్చుకున్నాం. జూన్ మొదటివారంలో నాటేశాం.

కుళాయి నీళ్ల సగంలో ఉన్న మొక్కలను పారెయ్యలేదు, వాటినీ ఒక వరుసలో నాటాను. నేలలో పడి వానలు తగిలాక అవీ తేరుకున్నాయి గానీ పూతకు మిగతావాటికంటే బాగా వెనకబడ్డాయి. ఆర్‌ఓ వరుస ఆగస్టులోనే కాసింది, కొన్ని కాయలు చెట్టు మీదే ఎర్రగా పండాయి. ఆ రెండో వరుసలో సెప్టెంబరులో పచ్చిమిరపకాయలు కోసుకున్నాం, పండేలోపే మంచు పట్టేసింది.