రాగి మొలకెత్తింది, ఉగ్గు మాత్రం జిగురే

మొలకరాగుల పిండి మూడో వాయికి కుదిరింది. మొదటి వాయి చెత్తబుట్టలోకి, రెండోది మా దోసెల్లోకి పోయాయి. ఆ మంట ఇంకా ఆరలేదు, అందుకే చెయ్యి కడుక్కోగానే రాయడానికి కూర్చున్నాను. బెంగళూరులో ఉంటూ, ఆరో నెల నిండిన బిడ్డకు ఇంట్లోనే ఉగ్గు చెయ్యాలనుకునేవాళ్లకు నా కిలో రాగుల నష్టమైనా పనికిరావాలి.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. 180 రోజులు నిండాక మొదలుపెట్టాం. అన్నప్రాసననాడు పెదవికి పరమాన్నం తాకించడం వేరు, రోజూ కడుపుకు పెట్టడం వేరు. మొదటి వారం గుమ్మడికాయ, ఏలక్కి అరటిపండు, మెత్తగా ఎనిపిన పెసరపప్పు. గుమ్మడి ముక్కలు ఇడ్లీ పాత్రలో పన్నెండు నిమిషాలు ఆవిరి పట్టిస్తే చాలు. ఒక కొత్త పదార్థం పెట్టాక మూడు రోజులు ఇంకో కొత్తది పెట్టకపోతే, దద్దుర్లు లేచినా వాంతి అయినా దేనివల్లో తెలుస్తుంది. ఇదంతా ఎవరైనా చెయ్యగలరు.

తిప్పలన్నీ రాగుల దగ్గరే. ఇక్కడి కన్నడిగుల ఇళ్లలో దీన్ని రాగి సరి అంటారు. ప్రతి ఇంట్లో ఒక పద్ధతి, ప్రతి పెద్దావిడా తనదే అసలైనదంటుంది. రాగులు మొలకెత్తించాలని అందరూ చెబుతారు కానీ, ఎందుకని అడిగితే "బలం" అని ఊరుకుంటారు. ఆ ఎందుకు తెలియకపోవడం వల్లే నా రెండో వాయి పోయింది.

లెక్క ఇలా ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య, తల్లిపాలు కాక తిండి నుంచి రోజుకు సుమారు 200 కిలోకేలరీలు అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఏడు కిలోల బిడ్డ పొట్టలో ఒక పూటకు పట్టేదే 200 మిల్లీలీటర్లు. మామూలు రాగిపిండి ఒక టేబుల్ స్పూను, అంటే 10 గ్రాములు, 120 మిల్లీలీటర్ల నీళ్లలో ఉడికిస్తే చెంచాతో పెట్టేంత చిక్కన వస్తుంది. అందులో ఉండేది 32 కిలోకేలరీలే. మూడు పూటలా పెట్టినా 96. పోనీ అని 20 గ్రాములు వేస్తే అది ఉగ్గు కాదు, రాయలసీమ సంగటి. జారుగా చెయ్యాలని నీళ్లు పోస్తే పొట్ట నీళ్లతో నిండుతుంది. మొలక ఈ చిక్కు విప్పుతుంది. మొలకెత్తే గింజలో అమైలేజ్ అనే ఎంజైము పుడుతుంది. పిండిపదార్థం నీళ్లు పీల్చి ఉబ్బి ముద్ద కడుతుంది కదా, అందులోని పొడుగాటి గొలుసుల్లాంటి అణువులను ఈ ఎంజైము ముక్కలు చేసేస్తుంది. దాంతో 20 గ్రాములు వేసినా ఉగ్గు చెంచా మీంచి నెమ్మదిగా జారుతుంది. మూడు పూటలకు 192 కిలోకేలరీలు. బరోడా ఎం.ఎస్. యూనివర్సిటీలో పోషకాహారం మీద పనిచేసినవాళ్లు 1980లలోనే దీన్ని పరిశోధించి చూపించారు: చిక్కటి జావలో చిటికెడు మొలకపిండి కలిపితే పలచబడుతుందని. మన ముసలమ్మలకు పద్ధతి ముందే తెలుసు, కారణమే తెలియదు.

ఇక పని. అర కిలో రాగులు చేటలో చెరిగి, గిన్నెలో నీళ్లు పోసి గాలించాలి. గింజంతే ఉన్న ఇసుకరాళ్లు అడుగున ఆగిపోతాయి. ఐదు నీళ్లు మారిస్తే తప్ప ఎర్రమడ్డి పోదు. పది గంటలు నానాలి, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చకపోతే పులుపు వాసన పట్టుకుంటుంది. నీళ్లు పూర్తిగా ఓడనిచ్చి, పాత పంచెగుడ్డలో వదులుగా మూట కట్టి, మూటను జల్లెడలో పెట్టాలి. స్టీలు గిన్నెలో పెడితే కింద నీరు చేరి అడుగు గింజలు కుళ్లుతాయి. ఇక్కడి వాతావరణానికి 24 నుంచి 36 గంటలు, డిసెంబరు చలిలో ఇంకో పూట పడుతుంది. మొలక మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటే చాలు. ఇంకా పొడుగు పెరగనిస్తే గింజ తన పిండిని తానే తినేస్తుంది, వేళ్లు చేదెక్కుతాయి.

మూట విప్పగానే తెల్లటి నూగు కనిపిస్తే కంగారు పడొద్దు. వేరు మీద మాత్రమే, ప్రతి గింజకూ ఒకేలా ఉండి, నీళ్లు చల్లగానే అణిగిపోతే అవి వేరునూగు. ఒక గింజ నుంచి ఇంకో గింజకు సాలెగూడులా పాకి, ముక్కిన వాసన వస్తే బూజు.

నా మొదటి వాయికి పట్టింది బూజే. మూట దాకా అంతా బాగానే ఉంది. మొలకలను బాల్కనీలో గుడ్డ మీద ఆరేశాను. జూలై ముసురు, మూడు రోజులు సూర్యుడి మొహం లేదు. రెండో రోజుకు గుడ్డ చెమ్మ, మూడో రోజుకు బూడిదరంగు దారాలు. "బాగా వేపేస్తే పోతుందిలే" అని ఫోనులో సలహాలు. పోదు. బూజు చావొచ్చు గానీ అది వదిలిన విషాలు మూకుడు వేడికి పోవు. మొత్తం పారేశాను.

రెండో వాయికి తెలివి వచ్చింది, సగం తెలివి. హాలులో ఫ్యాను కింద పలచగా పరిచి రాత్రంతా ఆరబెట్టాను. ఒక గింజ పక్కన ఇంకో గింజ, అంతే మందం. తెల్లారేసరికి పొడిపొడిగా ఉన్నాయి. తర్వాత మూకుట్లో వేపడం మొదలుపెట్టాను. మా అత్తగారు పక్కనే నిలబడి, "కమ్మటి వాసన వచ్చేదాకా వేపాలమ్మా, లేకపోతే పచ్చివాసనకి పిల్లాడు ఊసేస్తాడు" అన్నారు. వేపాను. పన్నెండు నిమిషాలకు ఇల్లంతా ఘుమఘుమ. ఎదురింటివాళ్లు కూడా ఏం చేస్తున్నారని అడిగారు. ఆ పిండి 20 గ్రాములు 120 మిల్లీలీటర్ల నీళ్లలో ఉడికిస్తే గరిటె నిలబడింది. నీళ్లు పోశాను. మళ్లీ బిగిసింది. ఇంకా పోశాను. చివరికి గిన్నె నిండా గోధుమరంగు గంజి, అందులో కేలరీలెన్నో నాకు తెలుసు.

ఇక్కడ నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గే. తప్పు రాగులదనుకున్నాను. పాత సరుకు అంటగట్టాడని మిగిలిన రాగుల పొట్లం పట్టుకుని కొట్టుకు పోయి దుకాణదారుతో గొడవపడ్డాను. ఆయన గొంతు పెంచకుండా ఒకటే అడిగారు: "మొలక వచ్చిందా మేడమ్?" వచ్చిందన్నాను. "గింజ చచ్చిందైతే మొలక ఎలా వస్తుంది?" వెనక నలుగురు నవ్వారు. ఇప్పుడు వేరే వీధిలో కొంటున్నాను.

అసలు తప్పు వేపుడుది. కోడిగుడ్డు తెల్లసొన వేడికి గడ్డకడుతుంది కదా, ఎంజైము కూడా ఆ జాతిదే, ఎక్కువ వేడి తగిలితే పనికిరాకుండా పోతుంది. తడిగింజలో మరీ తొందరగా చస్తుంది, బాగా ఎండిన గింజలో కాస్త వేడికి తట్టుకుంటుంది. కమ్మటి వాసన వచ్చేసరికి దాని పని అయిపోయినట్టే. అంటే నేను రెండు రోజులు కష్టపడి పుట్టించినదాన్ని పన్నెండు నిమిషాల్లో చంపేశాను. అత్తగారి మాట తప్పా అంటే కాదు, అది వేరే గిన్నె సూత్రం. బియ్యం, పెసరపప్పు, కాస్త జీలకర్రతో చేసే మామూలు ఉగ్గుకు దోరగా వేపాల్సిందే. అందులో కాపాడాల్సిన ఎంజైము ఏదీ లేదు.

మూడో వాయి ఇలా చేశాను. రాత్రంతా ఫ్యాను, పొద్దున కూడా ఫ్యానే. గింజ పంటికింద పటుక్కుమనాలి, మెత్తగా అణిగితే ఇంకా తడి ఉన్నట్టు. తర్వాత మందపాటి మూకుడు, అతి సన్న సెగ, గరిటె కాకుండా చేత్తో కలపడం. చెయ్యి ఓర్చుకోలేకపోతే గింజకూ ఎక్కువే, దించెయ్యాలి. ఐదారు నిమిషాలు, వెచ్చబడి గలగలమనేదాకా, అంతే. రంగు మారకూడదు. చల్లారాక అరచేతుల మధ్య నలిపి, చేటలో చెరిగితే ఎండిన వేళ్లు ఎగిరిపోతాయి.

పిండి మర గురించి నాలుగు మాటలు అనకపోతే నాకు నిద్రపట్టదు. రెండు కిలోల కన్నా తక్కువైతే ఆడించం అంటారు. బతిమాలితే ఒప్పుకుని, అప్పుడే ఎవరిదో మిరపకారం ఆడిన మరలో పోస్తారు. చంటిపిల్లలకని చెప్పినా "ఏమీ కాదు" అనే సమాధానం. మీరు పోవాల్సి వస్తే పొద్దున తెరవగానే పొండి, గోధుమలు ఆడే మర ఏదో అడగండి, ముందు మీ ఇంటి బియ్యం అర కిలో పోసి ఆడించి ఆ పిండి విడిగా పట్టుకోండి. నేనైతే ఇక వెళ్లను. మిక్సీ చిన్న జారులో గుప్పెడు గుప్పెడుగా, అరనిమిషం తిప్పి ఆపి, మళ్లీ తిప్పి, పలచటి గుడ్డలో వస్త్రగాళితం పట్టాను. జారు వేడెక్కితే ఆపాలి. గంట పని, కానీ పిండిలో ఏముందో నాకు తెలుసు.

కొట్లో అమ్మే మొలకరాగి పొట్లాలకైనా, ఇంటి పిండికైనా ఒకే పరీక్ష. బియ్యప్పిండి జావ గరిటె నిలబడేంత చిక్కగా కాచి దించండి. ఐదు నిమిషాలాగి, వేలు పెడితే చురుక్కుమనే వేడిలో, కప్పు జావకు ఒక చెంచా మొలకపిండి వేసి కలిపి మూత పెట్టండి. పది నిమిషాల్లో జావ జారితే పిండి బతికున్నట్టు. అలాగే నిలబడితే మీరు మొలకలకని డబ్బు ఎక్కువిచ్చి మామూలు రాగిపిండి కొన్నట్టే. నేను మూడు పొట్లాలు చూశాను, ఒక్కటే నెగ్గింది.

వండేటప్పుడు కూడా ఇదే సంగతి. మరిగే నీళ్లలో పిండి పోస్తే ఉండలు కట్టడమే కాదు, ఎంజైముకు పనిచేసే వ్యవధి దొరకదు. చల్లటి నీళ్లలో 20 గ్రాముల పిండి కలిపి, సన్న సెగ మీద నెమ్మదిగా వేడెక్కనివ్వాలి. అది చురుగ్గా పనిచేసేది 55, 70 డిగ్రీల మధ్య. ఆ మెట్టు నిదానంగా దాటాలి. ముందు కాస్త చిక్కబడి, చూస్తుండగానే జారవుతుంది. అప్పుడు తప్పకుండా మూడు నాలుగు నిమిషాలు మరిగించాలి. మొలక తడిలో సూక్ష్మజీవులు కూడా పెరుగుతాయి, పచ్చిపిండి బిడ్డకు పెట్టకూడదు. రంగు ముదిరి నిగనిగలాడితే ఉడికినట్టు. దించాక అర చెంచా నెయ్యి. వంచిన చెంచాలోంచి నీళ్లలా కారితే పలచనైనట్టు, కాసేపు నిలిచి జారితే సరి.

ఉప్పు, పంచదార, బెల్లం ఏడాది దాకా వద్దు. తేనె అసలు వద్దు, నాలుకకు రాయడం కూడా. అందులో బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు కలిగించే సూక్ష్మజీవి బీజాలు ఉండొచ్చు, ఏడాది లోపు పేగులు వాటిని ఆపలేవు. రాగుల్లో కాల్షియం నూరు గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు ఉన్న మాట నిజమే కానీ, ఇనుముకు రాగుల్ని నమ్ముకోవద్దు. ఉన్న కాస్తా ఒంటికి సరిగా పట్టదు. పప్పు, గుడ్డు, తినేవాళ్లైతే మెత్తగా ఉడికిన మాంసం ఆరో నెల నిండినప్పటి నుంచే పెట్టండి. పప్పులో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే ఇనుము ఇంకాస్త ఒంటబడుతుంది.

పిండి గాలి చొరని డబ్బాలో, నెలకు సరిపడా మాత్రమే. వర్షాకాలమైతే ఫ్రిజ్‌లో పెట్టండి. వండిన ఉగ్గు ఆ పూటకే, ఎంగిలి చెంచా తగిలింది మళ్లీ వెచ్చబెట్టి పెట్టొద్దు. వస్త్రగాళితంలో మిగిలిన పొట్టు పెద్దవాళ్ల దోసెపిండిలో కలపొచ్చు. రెండో వాయి పిండి మాత్రం ఇంకా పావు కిలో ఉంది, ఆదివారం దాకా మాకు రాగిదోసెలే.