కొత్త కారు మీద వాటర్ పేపర్

కారు కొన్న తొమ్మిదో రోజు రాత్రి, హనుమకొండలో ఒక పెట్రోల్ బంకులో నాకీ పిచ్చి పట్టుకుంది. నల్ల రంగు కారు. దసరా ముందు డెలివరీ తీసుకుని, భద్రకాళి గుడి దగ్గర పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకున్నాం. ఎండలో ఎన్నిసార్లు చుట్టూ తిరిగి చూసుకున్నానో లెక్కలేదు, ఏ లోపమూ కనబడలేదు. ఆ రాత్రి మాత్రం బంకు పైకప్పు లైట్లు డ్రైవర్ వైపు తలుపులో కనిపించాయి. తిన్నగా గీత గీసినట్టు ఉండాల్సిన లైటు, నీళ్లలో పాము ఈదుతున్నట్టు వంకర్లు తిరిగి ఉంది. వంగి చూస్తే రంగు నిండా సన్న సన్న గుంటలు. వేలితో రాస్తే నున్నగానే తగులుతోంది.

"ఏంది, గీత పడ్డదా?" అంది మా ఆవిడ లోపలి నుంచి. గీత పడినా బాగుండేది, ఎవరినో ఒకరిని తిట్టుకుని ఊరుకునేవాణ్ని.

షోరూముకు వెళ్లి చూపించాను. "అన్ని బండ్లకూ ఇట్లనే ఉంటది సార్" అన్నారు. తప్పించుకోవడానికి చెప్తున్నారనుకున్నాను. మరునాటి నుంచి మా కాలేజీ పార్కింగులో ఫోన్ టార్చ్ వేసి అందరి కార్ల తలుపులూ చూడటం మొదలుపెట్టాను. వాచ్‌మన్ రెండు రోజులు చూసి, మూడో రోజు "ఏమన్న పోయిందా సార్?" అని అడిగాడు. అప్పటికే నాకు అర్థమైంది. నా కారుకు రెట్టింపు ధర ఉన్న కారుకూ అదే ఉంది. తెల్లవాటికి, వెండి రంగువాటికి ఉన్నా కనబడదు, నల్లవాటికి దాచుకునే చోటు లేదు. అన్నిట్లోనూ బానెట్ కంటే తలుపులే అధ్వానం. షోరూమువాళ్లు అబద్ధం చెప్పలేదన్నమాట. అయినా నా టెన్షన్ తగ్గలేదు.

ములుగు రోడ్డు వైపు ఒక షెడ్డులో డెంటింగ్, పెయింటింగ్ చేసే భాయ్ దగ్గరికి మా బామ్మర్ది తీసుకుపోయాడు. భాయ్ ట్యూబ్‌లైటు విప్పి చేత్తో పట్టుకుని తలుపు పొడవునా తిప్పాడు. "సంత్ర తొక్క సార్ ఇది. మేం ఆరంజ్ పీల్ అంటం. ఫాల్ట్ కాదు, కంపెనీ పేంటే గట్ల వస్తది."

ఎందుకు వస్తుందో ఆయన చెప్పింది, తర్వాత నేను చదువుకున్నది కలిపి చెప్తాను. ఫ్యాక్టరీలో రేకు మీద ముందు తుప్పు పట్టకుండా ఒక పూత, తర్వాత ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటి మీదా రంగులేని క్లియర్ కోట్. మనకు కనబడే మెరుపంతా ఆ చివరి పూతదే. అది సన్న తుంపరలుగా వచ్చి పడుతుంది. పడిన తుంపరలన్నీ ఒకదాన్లో ఒకటి కలిసి, పారి, సమంగా పరుచుకోవాలి. అవి పూర్తిగా పరుచుకోకముందే పూత చిక్కబడితే ఆ ఎత్తుపల్లాలు అట్లాగే ఉండిపోతాయి, తర్వాత ఓవెన్‌లో గట్టిపడతాయి. గోడకు రోలర్‌తో రంగు వేసినప్పుడు వచ్చే గరుకు లాంటిదే, ఇంకా చాలా సన్నగా. బానెట్ పడుకుని ఉంటుంది కాబట్టి పూత బాగా పరుచుకుంటుంది. తలుపు నిలబడి ఉంటుంది, పూతను నీళ్లలా పలచగా కలిపి కొడితే కిందికి కారుతుంది. కారకుండా చూసుకుంటే పరుచుకోదు. నేను పార్కింగులో చూసిన తేడా అదే.

"మళ్లీ పేంట్ కొడితే?" అన్నాను. భాయ్ నన్ను పిల్లాణ్ని చూసినట్టు చూశాడు. ఫ్యాక్టరీలో ఉత్త బాడీని 140 డిగ్రీల దాకా కాలుస్తారు. బయట బండిలో వైర్లు, ప్లాస్టిక్, సీట్లు అన్నీ ఉంటాయి కాబట్టి 60 డిగ్రీలు దాటనివ్వరు. పైగా రేపు అమ్మేటప్పుడు పేంట్ పడ్డ బండి అంటే యాక్సిడెంట్ బండి కిందే లెక్క. ఇంకొక చోట సిరామిక్ కోటింగ్ అనే పలచటి రక్షణ పూత వేస్తే పోతుందన్నారు. ఆ మాట చెప్తే భాయ్ నవ్వాడు. నులకమంచం మీద దుప్పటి వేస్తే నులక కనబడకుండా పోతుందా? ఆ కోటింగ్ దుప్పటి కంటే చాలా పలచన.

మిగిలింది ఒకటే దారి. నీళ్లు పోస్తూ వాటర్ పేపర్‌తో, అంటే తడిపి రుద్దే సన్న గరుకు కాగితంతో, మిట్టల్ని గుంటల దాకా అరగదీసి, మళ్లీ మెరుపు తేవాలి. మా బామ్మర్ది కరీంనగర్‌లో గ్రానైట్ పాలిష్ యూనిట్‌లో పని చేస్తాడు. వాడికి ఇది కొత్త కాదు. నంబర్ పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. "ముందు నంబర్ చేసిన గీతలు తర్వాత నంబర్‌తో పోవాలె బావా. నడుమ ఒక నంబర్ ఎగ్గొడితే ఎంత రుద్దినా వెలుగు రాదు" అన్నాడు. నాకు వెయ్యి స్తంభాల గుడి నంది గుర్తొచ్చింది. 1163లో కట్టిన గుడి. రంగు లేదు, క్లియర్ కోట్ లేదు, ఆ నల్లరాయి ఇప్పటికీ నిగనిగలాడుతుంది. నా కారు తలుపు తొమ్మిది రోజులకే నన్ను వెక్కిరిస్తోంది.

కానీ రాయికీ రంగుకూ ఒక తేడా ఉంది, అసలు భయమంతా అక్కడే. గ్రానైట్ పలక మందం మిల్లీమీటర్లలో. కారు మీద పూతలన్నీ కలిపితే మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూ. అందులో క్లియర్ కోట్ సుమారు 40 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), తల వెంట్రుక కంటే పలచన. ఎండను ఆపే మందు ఉండేది ఆ పూతలోనే. మన ఎండల్లో దాన్ని పలచన చేసుకుంటే నాలుగేళ్లకో ఐదేళ్లకో పొర లేచి, రంగు తెల్లబారిపోవచ్చు. షోరూములో మళ్లీ అడిగితే, రుద్దిన భాగాలకు పేంట్ వారంటీ ఉండదని తేల్చి చెప్పారు. ముందే అడిగినందుకు ఇప్పటికీ నన్ను నేను మెచ్చుకుంటాను.

నాలుగు నెలలు ఊగిసలాడి, ఎండలు ముదరకముందే ఫిబ్రవరిలో ఒక ఆదివారం బండి షెడ్డులో పెట్టాను. భాయ్ ఎక్కడి నుంచో మందం కొలిచే మీటరు అరువు తెచ్చాడు. అది మొత్తం మందమే చెప్తుంది, అందులో క్లియర్ ఎంతో చెప్పదు. ప్లాస్టిక్ బంపర్ మీద పెడితే ఏమీ చూపించలేదు. కుడి వైపు ఫెండర్ (ముందు చక్రం మీది రేకు), రెండు తలుపులూ 115 నుంచి 124 మైక్రాన్ల దాకా వచ్చాయి. ఎడమ వెనక తలుపు దగ్గర 96. భాయ్ తల అడ్డంగా ఊపాడు. "ఇది ముట్టద్దు." ఒకే వైపు ఒక తలుపు అద్దంలా, ఒకటి సంత్ర తొక్కలా ఉంటే ఇంకా దరిద్రం. అందుకని ఎడమ వైపు మొత్తం వదిలేశాం. బానెట్ ముందే నయంగా ఉంది, దాన్నీ వదిలేశాం. కుడి వైపుకు 6,000 రూపాయలు మాట్లాడుకున్నాం.

బండి కడిగి, అంచులకూ తలుపు మీది మడతలకూ టేపు వేశారు. అంచుల దగ్గర పూత పలచగా ఉంటుంది, పేపర్ ఒత్తిడి కూడా అక్కడే ఎక్కువ పడుతుంది. 2000 నంబర్ పేపర్‌ను గట్టి బ్లాకుకు చుట్టి, నీళ్లలో చుక్క షాంపూ వేసి మొదలుపెట్టాడు. నాలుగు రుద్దులకే కొత్త కారు తలుపు బూడిద రంగులోకి మారిపోయింది. ఆ క్షణం కడుపులో దేవినట్టయింది, అబద్ధమెందుకు. కారే నీళ్లు పాలలా తెల్లగా ఉన్నాయి. "తెల్లగ వస్తే క్లియర్ సార్. నల్లగ వచ్చిందా, రంగు తెగినట్టే" అన్నాడు. ఆ తర్వాత గంటసేపు నేను తలుపు చూడలేదు, కింద కారే నీళ్లే చూశాను.

తుడిచి చూస్తే బూడిద రంగు మధ్యలో చుక్కలు చుక్కలుగా మెరుస్తున్నాయి. అవి గుంటలు, పేపర్ ఇంకా తగలని చోట్లు. ఆ చుక్కలన్నీ పోయేదాకా రుద్దితే తలుపు అచ్చం అద్దమే అవుతుంది. నేను రుద్దమన్నాను. భాయ్ ఆగిపోయాడు. చాలా చుక్కలు పోయాయి, లోతైనవి కొన్ని మిగిలాయి, వాటి కోసం చుట్టూ ఉన్న మంచి పూతంతా తీసెయ్యాలా అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. తర్వాత 3000, ఆపైన మెషీన్‌కు ఉన్ని ప్యాడ్ పెట్టి కాంపౌండ్ అనే రుద్దుడు పేస్టు, చివర మెత్తటి స్పాంజితో పాలిష్. మధ్యమధ్యలో రేకు మీద అరచెయ్యి పెట్టి వేడి చూసుకున్నాడు. చివర్లో స్పిరిట్‌తో తుడిచాడు. పాలిష్‌లోని నూనె సన్న గీతల్ని కప్పేస్తుందట, తుడిస్తేనే అసలు పని బయటపడుతుంది. మీటరు పెడితే 121 ఉన్న చోట 114.

ఆ రాత్రి అదే బంకుకు పోయాను, ట్యాంకు సగానికి పైగా ఉన్నా. కుడి తలుపులో లైటు తిన్నగా, అంచులు తెగినట్టు ఉంది. దగ్గరికి పోయి వెతికితే అక్కడక్కడ చిన్న వణుకు. ఎడమ వైపు పాత పాములే. మా ఆవిడను దింపి రెండు వైపులూ చూపించాను. "రెండూ ఒక్క తీరే ఉన్నయి గదా" అంది.

ఒక సంగతి భాయ్ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇన్నాళ్లూ ఆ సంత్ర తొక్కే సన్న గీతల్ని దాచిపెట్టింది. ఇప్పుడు కుడి వైపు పొడిబట్ట ఒక్కసారి తగిలినా సాలెగూడులాంటి గీతలు కనబడుతున్నాయి. మొన్న బంకులో కుర్రాడు దుమ్ముగుడ్డ తీసుకుని డ్రైవర్ తలుపు మీద వెయ్యబోతే కేకేశాను. పాపం, బిత్తరపోయాడు. జేబులోంచి 20 రూపాయలు తీసిచ్చి, ఎడమ వైపు తుడవమన్నాను.