వీడియో విండో పైనే ఉండాలి, అంతే కదా అనుకున్నా

నాది పాత ల్యాప్‌టాప్, స్క్రీన్ 1366 బై 768. గ్రూప్-2 కి చదువుతున్నా, క్లాసు వీడియో కింద కుడి మూల చిన్నగా ఆడుతుంటే లిబ్రేఆఫీస్‌లో నోట్స్ టైప్ చేసుకోవడం అలవాటు. స్క్రీన్‌ని చెరిసగం పంచితే అటు బోర్డు మీద అక్షరాలు కనపడవు, ఇటు నోట్స్ లైను సరిపోదు. అందుకే ఫైర్‌ఫాక్స్‌లో పిక్చర్-ఇన్-పిక్చర్, అంటే వీడియోని పేజీ నుంచి విడదీసి చిన్న విండోలో చూపించేది, మనోళ్ళు పిప్ అంటారు, అదే నాకు దిక్కు. లినక్స్‌లో అది 2020 జనవరిలో వెర్షన్ 72 తో వచ్చింది, ఉబుంటు అనే లినక్స్ రకం 20.04 వెర్షన్‌లో నాలుగేళ్ళు హాయిగా వాడుకున్నా.

తర్వాత ఉబుంటు 24.04 ఫ్రెష్‌గా వేశా. పిప్ ఓపెన్ చేశా, వచ్చింది, నోట్స్ మీద క్లిక్ చేశా, మాయం. నేను నోట్స్ కొట్టే లిబ్రేఆఫీస్ రైటర్ విండో వెనక్కి వెళ్ళి కూర్చుంది. ఆల్ట్-ట్యాబ్ కొడితే వస్తుంది, మళ్ళీ టైప్ చేద్దామని క్లిక్ చేస్తే మళ్ళీ పోతుంది, సార్ ఏమో లోపల నుంచి పంచాయతీరాజ్ చెప్తూనే ఉన్నారు, గొంతు మాత్రమే వినపడుతోంది.

రెండ్రోజులు బ్రౌజర్‌నే తిట్టుకున్నా, సెట్టింగ్స్ అన్నీ గెలికా, కొత్త ప్రొఫైల్ పెట్టా. పాతప్పుడు డబ్ల్యూఎంసీటీఆర్ఎల్ అనే చిన్న టూల్‌తో ఏ విండోనైనా పైకి లేపేవాడిని, అదీ ట్రై చేస్తే దాని లిస్టులో అసలు ఆ విండోనే లేదు. అప్పుడు వెలిగింది, నేను ఉన్నది వేలాండ్‌లో, అంటే లినక్స్‌లో విండోలని స్క్రీన్ మీద చూపించే కొత్త పద్ధతిలో అని. 20.04 లో డిఫాల్ట్ పాత పద్ధతి ఎక్స్11, ఇక్కడ వేలాండ్, పైగా ఫైర్‌ఫాక్స్ 121 నుంచి నేరుగా వేలాండ్ మీదే నడుస్తుంది. ఎక్స్11 లో యాప్ తనే "నన్ను అందరి పైన ఉంచు" అని అడగగలదు, ఫలానా మూల కూర్చుంటా అని కూడా చెప్పగలదు. వేలాండ్‌లో మామూలు విండోకి ఆ రెండూ అడిగే దారే లేదు, పెళ్ళి పంక్తిలో లాగా ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఇంటివాళ్ళే చెప్పాలి, ఇక్కడ ఇంటివాళ్ళంటే డెస్క్‌టాప్. పాపం ఫైర్‌ఫాక్స్ చేసేదేం లేదు.

సరే, ఉబుంటులో ఉండే డెస్క్‌టాప్ గ్నోమ్‌లో ఏం చేయాలంటే పిప్ మీద క్లిక్ చేసి ఆల్ట్-స్పేస్ కొడితే మెనూ వస్తుంది, అందులో ఆల్వేస్ ఆన్ టాప్. ఆ విండోకి టైటిల్ బార్ ఉండదు కాబట్టి రైట్ క్లిక్ పనిచేయదు, ఇది తెలియక నేను గంట పోగొట్టుకున్నా. పని అయితే అయింది, కానీ వీడియో మూసి ఇంకోటి తెరిస్తే అది కొత్త విండో, మళ్ళీ మొదట్నుంచి. రోజుకి పది వీడియోలు చూసేవాడికి ఇది విసుగే. పిప్ ఆన్ టాప్ అని ఒక ఎక్స్‌టెన్షన్ ఉంది, అదేస్తే ఈ గొడవ తీరుతుంది, నిజానికి చాలామందికి అక్కడితో ఆగిపోతే చాలు. నేను ఆగలా. విండో ప్రతిసారీ నేను పెట్టిన మూలకే రావాలని నా పట్టుదల.

రూమ్మేట్ దగ్గర ఫెడోరా కేడీఈ, అంటే కేడీఈ అనే వేరే డెస్క్‌టాప్ ఉన్న ఇంకో లినక్స్, పెన్‌డ్రైవ్‌లో ఉంటే వేసేశా. కేడీఈలో విండో రూల్స్ అని ఉంటాయి, అది వేరే లోకం. పిప్ మీద ఉండి ఆల్ట్-ఎఫ్3, మోర్ యాక్షన్స్, అక్కడ రెండు ఆప్షన్లు పక్కపక్కనే ఉంటాయి, ఒకటి ఈ విండోకి, ఇంకోటి మొత్తం అప్లికేషన్‌కి. నేను తొందరలో రెండోది నొక్కా, విండోని అన్నిటి పైన ఉంచే కీప్ అబవ్‌ని ఫోర్స్ పెట్టి సేవ్ చేశా. ఇక చూడాలి నా తిప్పలు, ఫైర్‌ఫాక్స్ మెయిన్ విండో కూడా అన్నిటి నెత్తినెక్కి కూర్చుంది, ఫైల్స్ తెరిస్తే దాని కింద, రైటర్ తెరిస్తే దాని కింద, టైప్ చేస్తుంటే అక్షరాలు ఎటు పోతున్నాయో కనపడదు. రూమ్మేట్ వచ్చి చూసి "మామా, నీ కంప్యూటర్‌కి దెయ్యం పట్టింది" అన్నాడు.

రూల్‌లో టైటిల్ కూడా సరిపోలాలి అని పెడితే కుదిరింది. పొజిషన్‌ని రిమెంబర్‌లో పెట్టా, ఇక ఎప్పుడు తెరిచినా కింద కుడి మూలకే వస్తోంది. ఇంకోటి, విండోని జరిపినప్పుడు ఫోకస్ దానికే పోయి, నోట్స్‌లో స్పేస్ కొట్టాననుకుంటే వీడియో ఆగేది, అందుకని యాక్సెప్ట్ ఫోకస్‌ని నో చేసేశా.

క్రోమ్‌లో మాత్రం రూల్ పట్టలేదు. అరగంట బుర్ర గోక్కున్నాక చూస్తే ఫైర్‌ఫాక్స్ టైటిల్‌లో పదాల మధ్య గీతలు ఉన్నాయి, క్రోమ్‌లో ఖాళీలు ఉన్నాయి, చివరి పదం చిన్నక్షరంతో మొదలవుతుంది. రూల్‌లో బ్రౌజర్ క్లాస్, అంటే విండో ఏ యాప్‌దో చెప్పే పేరు, అది కూడా ఫైర్‌ఫాక్స్‌దే ఉందాయె. క్రోమ్‌కి వేరే రూల్ రాసి పడేశా.

పీడీఎఫ్‌ని ఫుల్ స్క్రీన్ చేస్తే మాత్రం వీడియో ఇప్పటికీ దాని కిందకే పోతుంది, కేడీఈలో వాడుతున్న ఫుల్ స్క్రీన్ విండో కీప్ అబవ్ వాటికన్నా పైనుంటుంది. మ్యాక్సిమైజ్ చేసుకుని చదువుకుంటున్నా. ఈ సందట్లో పంచాయతీరాజ్ క్లాసులు నాలుగు పెండింగ్ పడ్డాయి.